మూడోసారి చెప్పిన మాట

మా అసుబెన్సో ఏటి మీద వంతెన కట్టకముందు నుంచి, ఆ వంతెన రెండు వానాకాలాల్లో రెండుసార్లు కొట్టుకుపోయి మూడోమారు నిలదొక్కుకునే వరకు, ఇద్దరు నానాలు వరుసగా పీఠమెక్కి, ఏలి, పితరుల సన్నిధికి చేరి, మూడో నానా అదే పట్టు గొడుగు నీడలో నెరిసిన గడ్డంతో కూర్చునే వరకు, తాతలు నాటిన కోకో చెట్లు ముదిరి, మనుమలు వాటిని నరికి కొత్తవి నాటే వరకు, నలభై ఒక్క సంవత్సరాల పొడుగునా, మా ఊళ్ళో చెక్కుచెదరకుండా నిలిచినది ఒకే ఒక్క వాక్యం. అది ఒపాన్యిన్ అదూసై నోటి నుంచి వెలువడే "మళ్ళీ చెప్పు నాయనా, ఈసారి నెమ్మదిగా" అనే వాక్యం.

ఒపాన్యిన్ అంటే మాలో పెద్దమనిషి. అదూసై పెద్దమనిషి మాత్రమే కాదు, నానా కొలువులో ఒచియామె కూడా. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడరు. జనం తమ మాటను ఒచియామెతో చెబుతారు; ఆయన బంగారు రేకు తొడిగిన దండాన్ని చేతబట్టి, ఆ మాటను పీఠం వైపు తిరిగి నివేదిస్తాడు. నానా ఆరడుగుల దూరంలోనే కూర్చుని ఉంటారు. దైవం ఇచ్చిన చెవులు వారికీ రెండున్నాయి. అయినా ఒచియామె నివేదించేదాకా ఆ మాట పుట్టనట్టే లెక్క. సృష్టికి ముందు వాక్కు ఉన్నదని లేఖనాలు చెబుతాయి; మా కొలువులో వాక్కుకు ముందు అదూసై ఉంటాడు.

ఆయన ఏ మాటనూ మొదటిసారి విన్నట్టు ఒప్పుకున్న దాఖలా లేదు. మొదటిసారి చెబితే కళ్ళు చికిలించేవాడు. రెండోసారి చెబితే కుడిచెవి వెనుక అరచేయి ఆనించేవాడు. మూడోసారి చెబితే "అట్లాగా, అది ముందే చెప్పవేం" అనేవాడు. పొద్దున్నే ఎదురుపడి క్షేమమడిగినా ఇదే తంతు. తొందర పని ఉన్నవాళ్ళు ఆయన వీధి తప్పించి, ఏటి గట్టున చుట్టు తిరిగి పోయేవారు.

ఒకసారి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఊరికి బోరు వేసే విషయం మీద నలభై నిమిషాలు మాట్లాడాడు. ప్రణాళికలన్నాడు, దశలన్నాడు, పైవారి చిత్తశుద్ధి అన్నాడు. ఒపాన్యిన్ చెవి వెనుక చేయి పెట్టి, "మళ్ళీ చెప్పు నాయనా" అన్నాడు. రెండోసారి ఆ ఉపన్యాసం పది నిమిషాల్లో ముగిసింది. మూడోసారి అధికారి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"అయ్యా, ఈ ఏడు బోరు రాదు. వచ్చే ఏడు కూడా నాకు నమ్మకం లేదు."

ఒపాన్యిన్ పీఠం వైపు తిరిగి, "నానా, ఈయన నిజాయితీపరుడు. కొబ్బరినీళ్ళు ఇప్పించండి" అని నివేదించాడు.

ప్రార్థనాలయంలో ఉపదేశించే నాకూ ఆ గండం తప్పలేదు. ఒక ఆదివారం సహనాన్ని గురించి, పూర్వకవుల ఛందస్సులను కూడా జోడించి, దీర్ఘసమాసాలతో ప్రసంగిస్తున్నాను. ముందు బల్ల మీద నుంచి ఒక చేయి లేచింది.

"మళ్ళీ చెప్పండి మాస్టారూ."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ లేచింది. మూడోసారికి నా ప్రసంగం మొత్తం "పక్కింటివాళ్ళతో పోట్లాడకండి" అనే ముక్కకు కుదించుకుపోయింది. ఆ ఆదివారం సంఘమంతా వేళకు ఇళ్ళకు చేరి వేడివేడి ఫుఫు తిన్నది. అప్పటి నుంచి నేను ప్రసంగం మొదలుపెట్టగానే అందరూ నా ముఖం కాక ఆయన చేతిని ఆశగా చూడడం అలవాటు చేసుకున్నారు.

కొలువులో రెండో ఒచియామె ఒకాయన ఉన్నాడు, ఒచెరె. యాభై ఏళ్ళవాడు, సత్యవంతుడు, పదునైన చెవులవాడు. విన్న మాటను ఒక్క అక్షరం రాలకుండా అప్పజెప్పగలడు. ఒక ఏడు ఒపాన్యిన్‌కు జ్వరం వచ్చి వారం రోజులు ఒచెరె దండం పట్టాడు. ఎవరు ఏమన్నారో అది, అన్న క్షణంలోనే, అన్న ఘాటుతోనే, నానా ముందుకు చేరింది. ఆ వారంలో మూడు కుటుంబాలు పలకరింపులు మానుకున్నాయి, ఒక నిశ్చితార్థం తప్పిపోయింది, అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే పెరటికి అడ్డంగా కంచె వేసుకున్నారు. ఎండలు మెండుగా ఉన్నాయి, అందుకే జనానికి తల తిరుగుతోందని ఊరంతా తీర్మానించింది. నేనూ అట్లాగే అనుకున్నాను. ఒపాన్యిన్ లేచి వచ్చాక ఎండలు తగ్గకపోయినా తగవులు తగ్గాయి. ఆ సంగతి ఎందుకనో ఎవరికీ తోచలేదు.

ఇట్లా సాగుతుండగా, పోయిన అక్వసిదె పండుగనాడు అపచారం జరిగింది. డప్పుల మోతలో నానా స్వయంగా "అదూసై" అని పిలిచారు. ఆయన పలకలేదు. రెండోసారి పిలిచారు. ఆయన ఎదుటి గొడుగు అంచు కుచ్చులను ప్రసన్నంగా చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి పిలిస్తే, పక్కవాడు మోచేత్తో పొడిచాడు గనుక తిరిగాడు. జనం మాట వినకపోవడం చోద్యం. నానా మాట వినకపోవడం మర్యాదాభంగం. మర్నాడు పెద్దలు సభ తీర్చారు.

"చెవి మిషను పెట్టించుకోవాలి" అన్నారు. "ఆరు వారాలు చూస్తాం. రాబోయే పెద్ద కొలువులో మాట అందకపోతే దండం ఒచెరెకు ఇవ్వాలి."

"మళ్ళీ చెప్పండి" అన్నాడు ఒపాన్యిన్.

వారు మూడుసార్లూ అదే చెప్పారు. ఆయన జీవితంలో మూడోసారికి కూడా మెత్తబడని మాట అదొక్కటే.

ఆ దండమే ఆయనకు ప్రాణం. నలభై ఒక్క ఏళ్ళుగా దాన్ని రోజూ నిమ్మచెక్కతో తుడిచేవాడు. భార్య మామె సెర్వా, "నన్ను ఏనాడైనా అట్లా తుడిచావా పెద్దాయనా" అని ఎత్తిపొడిస్తే, ఆ ఒక్క మాటను మాత్రం ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాడు.

జిల్లా ఆస్పత్రికి నేనే తోడు వెళ్ళాను. అక్కడ చెవులు చూసే నర్సు సిస్టర్ డెడే, క్రోబో తెగ పిల్ల, చిన్న గదిలో కూర్చోబెట్టి ఆయన చెవులకు రకరకాల కూతలు వినిపించింది. కాగితం మీద గీత గీసి, "తాతా, సగానికి పైగా వినికిడి పోయింది. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?" అని అడిగింది.

ఆయన ముఖంలో అప్పుడు కనిపించినంత అయోమయం నేను ఏ ముఖంలోనూ చూడలేదు.

"నాకా?"

"మీకే."

"నిజంగా పోయిందా?"

"నిజంగానే తాతా. మీకు తెలియదా?"

"అదేమిటమ్మా, నేను ఊరికే..." అని ఆగిపోయాడు. కాగితం అందుకుని, దాని మీది గీతను వేలితో తడిమాడు. చెవిటివాడని ఊరంతటికీ నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషికి ఆ సంగతి అప్పుడే తెలియడమేమిటో నాకు బోధపడలేదు.

రెండు చెవులకూ రెండు యంత్రాలు అమర్చి, సిస్టర్ డెడే ఎదురుగా కూర్చుని, ముఖం చూపిస్తూ, నిదానంగా చెప్పింది.

"ఇది చప్పుడు తెచ్చి ఇస్తుంది తాతా, మాట తెచ్చి ఇవ్వదు. చప్పుడులోంచి మాటని ఏరుకోవాల్సింది మీ తల. అది చాలా ఏళ్ళు పని లేకుండా కూర్చుంది, ఒక్కరోజులో లేవదు. వారాలు పడుతుంది. రోజూ పెట్టుకోవాలి. ముందు ఒక్క మనిషితో, నిశ్శబ్దంగా ఉన్నచోట. తర్వాత ఇద్దరితో. గుంపులో ఎప్పటికీ కొంచెం కష్టమే, ఏ మిషనుకైనా అంతే."

"పెద్ద అరుపులు వస్తే చెవులు పగలవు కదా?" అని నేనడిగాను.

"చిన్న చప్పుళ్ళని పెంచుతుంది, మరీ పెద్దవాటిని తగ్గిస్తుంది. భయం లేదు."

ఒపాన్యిన్ ఆ మాటను మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆయన ఒక మహారణ్యంలో తప్పిపోయిన యాత్రికుడిలా ఉన్నాడు. తన చెప్పులు తనను వెంబడిస్తున్నాయని రెండుసార్లు వెనుదిరిగి చూశాడు. కట్టుకున్న బట్ట రెపరెప, కోడి గోళ్ళు నేలను గీకే చప్పుడు, చెంచా గిన్నెకు తగిలే చప్పుడు, అన్నీ సమానమైన అధికారంతో లోపలికి వచ్చి కూర్చున్నాయి. మాటకు మాత్రం కూర్చునే చోటు దొరకలేదు. తన గొంతు తనకు కుండలోంచి వినిపిస్తోందని మాట్లాడడం తగ్గించాడు. మామె సెర్వా పలకరిస్తే, "ఉండు, కోడి ఏదో చెబుతోంది" అన్నాడు.

"కోడి మాట వినబడుతుంది, పెళ్ళాం మాట వినబడదు. మంచి మిషనే" అన్నది ఆమె.

ఆ యంత్రానికి ఇంకొక గుణముంది. ఏదైనా దానికి దగ్గరగా వస్తే సన్నగా ఈల వేస్తుంది. చిన్న కొలువులో ఒపాన్యిన్ భుజం మీది బట్ట సవరించుకోబోయాడు. కుడిచెవి ఈల వేసింది. కొమ్ము ఊదే మనిషి అది తనకిచ్చిన సంజ్ఞ అనుకుని కొమ్ము ఊదాడు. కొమ్ము మోగితే నానా లేస్తున్నారని అర్థం గనుక సభంతా లేచింది. సభ లేచింది గనుక ఏదో జరిగిందని నానా లేచారు. నానా లేచారు గనుక గొడుగువాళ్ళు గొడుగులెత్తారు, డప్పులవాళ్ళు డప్పులు కొట్టారు, ఊరేగింపు కదిలింది. వీధి మలుపు దాకా వెళ్ళాక, ఎక్కడికి వెళ్తున్నామని నానా అడిగించారు. ఎవరికీ తెలియదు. ఒపాన్యిన్ చెవులకు డప్పుల హోరు తప్ప మరేదీ అందడం లేదు. తిరిగి వచ్చి కూర్చున్నారు.

సిస్టర్ డెడే చెప్పిన సాధన కోసం ఆయన రోజూ ఉదయ ప్రార్థన ముగిశాక ప్రార్థనాలయం అరుగు మీదికి వచ్చేవాడు. నేను లేఖనాలు చదివేవాణ్ణి. ఆయన తిరిగి చెప్పేవాడు. మొదటి వారం పది వాక్యాల్లో రెండే సరిగా అందాయి.

"మాస్టారూ, మీ మీసాలు కత్తిరించండి" అన్నాడు ఒకరోజు. "పెదాలు కనిపిస్తే సగం మాట అక్కడే దొరుకుతుంది. మీ అక్షరాలన్నీ ఆ పొదలో చిక్కుకుంటున్నాయి."

ముప్ఫై ఏళ్ళ మీసాలు. లేఖనార్థం ఒక వృద్ధునికి అందడానికి కేశత్యాగం అవసరమైతే వెనుకాడరాదని మనసు రాయి చేసుకుని కత్తిరించాను. రెండో వారానికి పదింట నాలుగయ్యాయి. నాలుగో వారానికి ఏడు. ఆరో వారానికి ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే పదింట తొమ్మిది అందుకునేవాడు. పక్కన పాటలవాళ్ళు సాధన చేస్తుంటే మాత్రం అయిదు దాటేవి కావు. అయిదైనా ఎంతో గొప్ప. నా మీసాలు సార్థకమైనాయని సంతోషించాను.

కాని ఆయన ముఖంలో ఆ సంతోషం లేదు. కారణం ఆయన ఇంటి అరుగు మీద కనబడింది. చిన్న చిన్న ఫిర్యాదులతో జనం ఎప్పటిలాగే వచ్చేవారు.

"ఒపాన్యిన్, మా తోటికోడలు దొంగ."

"మళ్ళీ చెప్పమ్మా, ఈసారి..."

"మళ్ళీ ఏంటి, మిషనుందిగా. వినబడింది. నానాకి చెప్పు."

ఎవరూ రెండోసారి చెప్పడానికి ఇష్టపడడం లేదు. మొదటిసారే చెప్పి, చెవుల వైపు వేలు చూపించి, చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. ఆరు వారాల్లో, ఒచెరె దండం పట్టిన వారం నాటి తగవులన్నీ తిరిగి వచ్చాయి. ఆయన ఆ యంత్రాలు తీసి నశ్యం డబ్బాలో దాచడం, మామె సెర్వా వెతికి మళ్ళీ పెట్టడం నిత్యకృత్యమైంది.

"వినబడకపోవడం కష్టమే మాస్టారూ" అన్నాడు నాతో. "వినబడిందని అందరికీ తెలిసిపోవడం ఇంకా కష్టంగా ఉంది."

వినడానికే కదా పెట్టుకున్నది అనుకున్నాను. ఆ మాట కూడా నాకు అర్థం కాలేదు.

పెద్ద కొలువు రోజు వచ్చింది. పరీక్ష చూడడానికి ఊరు కదిలి వచ్చింది. తన యంత్రాల పనితీరు చూసుకోవడానికి సిస్టర్ డెడే కూడా వచ్చి నా పక్కన కూర్చున్నది. ఒచెరె దండం పట్టే చేయిని అప్పుడే కడుక్కుని వచ్చినట్టున్నాడు. ఆనాటి వ్యాజ్యం బాఫో అనే యువకుడికీ, అతని మేనమామ అగ్యెమాన్‌కూ మధ్య. మాలో ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి కాదు, మేనమామ నుంచి మేనల్లుడికి వస్తుంది. ఏడేళ్ళుగా బాఫో చెమటోడ్చి కోకో మొక్కలు పెంచిన తోటను అగ్యెమాన్ మరో మేనల్లుడికి ఇచ్చేశాడు. బాఫో భార్యకు నెలలు నిండాయి. ఆమె ఆడవాళ్ళ మధ్య స్టూలు మీద కూర్చుని కడుపు మీద చేయి వేసుకుని వింటున్నది.

అగ్యెమాన్ తన మాట చెప్పాడు. బాఫో లేచాడు. రెండు వాక్యాలు సవ్యంగా చెప్పి, మూడోది మొదలుపెట్టి, మేనమామ ముఖం చూసి, కోపంతో అనకూడని మాట అనేశాడు.

మా ఊళ్ళో ఒక దినం ఉంది. పూర్వపు నానాలకు మహావిపత్తు వచ్చిన దినం. దాని పేరు ఎవరూ పలకరు. నేనూ ఇక్కడ రాయను. కొలువులో కోపంతో దాన్ని పలికినవాడు ఊరు విడిచి పోవాలి, అతని మొక్కలు, అతని కప్పు, అన్నీ విడిచి. ఆ శిక్షకు మినహాయింపు లేదు. బాఫో ఆ దినం పేరును గొంతెత్తి అరిచాడు.

సభ స్తంభించింది. డప్పులు ఆగాయి. విసనకర్రలు ఆగాయి. ఒపాన్యిన్ చెవులకు అంతకంటే అనువైన నిశ్శబ్దం ఏ ఆస్పత్రి గదిలోనూ దొరకదు. బాఫో తాను అన్నదేమిటో అప్పుడే తెలిసినవాడిలా నోటి మీద చేయి వేసుకున్నాడు. అతని భార్య లేవబోయి, లేవలేక కూలబడింది.

నానా కదలలేదు. ఒచియామె చెప్పేదాకా వారు ఏమీ వినలేదు.

"ఒపాన్యిన్" అన్నాడు ఒచెరె. "విన్నారు కదా. నానాకు నివేదించండి."

ఒపాన్యిన్ కళ్ళు చికిలించాడు. కుడిచెవి వెనుక అరచేయి పెట్టాడు. యంత్రం సన్నగా ఈల వేసింది. కొమ్ము ఊదేవాడు ఈసారి మోసపోలేదు.

"మళ్ళీ చెప్పు నాయనా, ఈసారి నెమ్మదిగా" అన్నాడు.

"మళ్ళీ ఎందుకు? చెవుల్లో మిషన్లున్నాయి. ఆరు వారాలు సాధన చేశారు. మాస్టారి మీసాలు కూడా పోయాయి" అన్నాడు ఒచెరె. "వినబడింది అనండి, నివేదించండి. వినబడలేదు అనండి, దండం ఇవ్వండి. పెద్దల మాట అదే కదా."

అందరూ ఒపాన్యిన్ చేతిలోని దండాన్ని చూశారు. ఆయనా చూశాడు. నిమ్మచెక్కతో తుడిచిన బంగారు రేకు ఎండలో మెరిసింది.

"వినబడలేదు ఒచెరె" అన్నాడు. దండాన్ని అతని వైపు చాచాడు. ఒచెరె చేయి చాచేలోపు, "నీ చేతికి వచ్చేదాకా మాత్రం ఒచియామెను నేనే" అని, ఇటు తిరిగి, "బాఫో, నాయనా, మళ్ళీ చెప్పు. నాకు చెప్పు. నా ముఖం చూసి చెప్పు" అన్నాడు.

బాఫో నోటి మీంచి చేయి తీశాడు.

"ఏడేళ్ళు నాటాను ఒపాన్యిన్. ఒక్కో మొక్కకీ నీళ్ళు మోశాను. మామయ్య అది తీసుకుపోయి వాడికిచ్చేశాడు. దొంగతనం కాదా ఇది?"

"ఇంకా సరిగ్గా అందలేదు. ఆఖరి ముక్క మళ్ళీ చెప్పు."

బాఫో మేనమామ వైపు చూశాడు. గొంతు దిగింది.

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదు ఒపాన్యిన్. తోట పోతే పోయింది. ఇంటికి పిలిచి, ఇది ఇట్లా చేస్తున్నానురా అని మామయ్య చెప్పి ఉంటే చాలు. ఊళ్ళో వాళ్ళు చెబితే తెలిసింది."

"అట్లాగా, అది ముందే చెప్పవేం" అన్నాడు ఒపాన్యిన్. పీఠం వైపు తిరిగాడు. "నానా, ఈ బిడ్డ మొర ఇది. మేనమామ తనకు ఒక్క మాట చెప్పలేదని అతని బాధ. మరేమీ లేదు."

అగ్యెమాన్ తల వంచుకుని ఉన్నాడు. "చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాడు నేలతో.

నానా బట్ట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెదవులు కనబడకుండా, ఒపాన్యిన్‌తో ఏదో అతి మెల్లగా అన్నారు. ముందు వరుసలో ఉన్న నాకు గుసగుస కూడా అందలేదు. ఒపాన్యిన్ నిటారుగా నిలబడి ప్రకటించాడు.

"నానా సెలవిస్తున్నారు. తోటను రెండు పాళ్ళు చేయండి. ఏటి వైపు పాలు బాఫోది. అగ్యెమాన్ రేపు పొద్దున మేనల్లుడి ఇంటికి వెళ్ళి, ఆ మాట తన నోటితో చెప్పాలి. బిడ్డ పుడితే పేరు పెట్టేది కూడా అగ్యెమానే. ఇంకా ఏమన్నారంటే, ఒపాన్యిన్ చెవులు పనిచేస్తున్నాయో లేదో చూడడానికే ఇంత మెల్లగా చెప్పారట."

నానా నవ్వు దాచుకోలేక తలూపారు. ఒక్క ముక్క తప్పిపోలేదు.

ఒచెరె సత్యవంతుడని చెప్పాను కదా. అతనికి తల తిరిగింది. "ఇంత మెల్లగా అన్నది వినబడి, అంత గట్టిగా అరిచింది వినబడలేదా? ఇది ఎట్లా కుదురుతుంది?"

"మిషను గుణం అది" అన్నాడు ఒపాన్యిన్ గంభీరంగా. "చిన్న చప్పుడు పెంచుతుంది, మరీ పెద్దది తగ్గిస్తుంది. బాఫో అరుపు మరీ పెద్దది. కావాలంటే అదిగో ఆ అమ్మాయిని అడుగు."

ఊరంతా సిస్టర్ డెడే వైపు తిరిగింది. ఆమె లేచి, "తగ్గిస్తుంది, కాని అసలు వినబడకుండా చెయ్యదు. ఒక పరిమితి దాకా పెంచి, ఆ పైన కొంచెం కొంచెంగా నొక్కుతుంది, అందువల్ల అరుపు కూడా..." అని శాస్త్రం మొదలుపెట్టింది.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు ఒపాన్యిన్.

ఆమె ఆయన ముఖం చూసింది. "ఒక పరిమితి దాటితే నొక్కుతుంది" అన్నది.

"ఇంకొక్కసారి, నెమ్మదిగా."

ఆమె బాఫో భార్యను చూసింది. నిండు కడుపు మీద ఉన్న ఆ చేతిని చూసింది.

"తగ్గిస్తుంది" అన్నది, కూర్చున్నది.

నేను మా ఊరి జనాన్ని ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదును. అంత పెద్ద ఊపిరి అందరూ ఒకేసారి వదలడం నేనెన్నడూ వినలేదు. దండం ఎవరి చేతిలో ఉండాలో అక్కడే ఉండిపోయింది. ఒచెరె కాసేపు దాన్ని చూసి, కాసేపు ఒపాన్యిన్ చెవులను చూసి, చివరికి తన చేతులు చూసుకుని, "నాకు అర్థం కాలేదు గాని, మంచిదే అయింది" అన్నాడు. అతను అబద్ధమాడడు గనుక అది ఊరి మొత్తం అభిప్రాయమని గ్రహించాను.

మర్నాడు ఉదయం సంగతి తేల్చుకుందామని ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన పెరట్లో దండం తుడుస్తున్నాడు.

"ఒపాన్యిన్, నిజం చెప్పండి. ఆ మాట వినబడిందా లేదా?"

"మళ్ళీ అడగండి మాస్టారూ."

"ఆ మాట వినబడిందా?"

"ఈసారి నెమ్మదిగా."

మూడోసారి నోరు తెరిచాను. తెరిచాక, అడగవలసినది ఏదీ మిగల్లేదని తెలిసింది. నోరు మూసుకున్నాను. ఆయన తలూపి, తుడుపు కొనసాగించాడు.

వంటింట్లో అరటికాయలు చెక్కుతున్న మామె సెర్వా నవ్వింది.

"మీకిప్పుడు తెలిసిందా మాస్టారూ? దండం పట్టిన మొదటి ఏడు ఈయన చెవులు పాము చెవులు. ఎవడో కోపంలో ఒక మాటన్నాడు. ఈయన విన్నది విన్నట్టు పట్టుకెళ్ళి నానాకి ఇచ్చాడు. అన్నవాడు ఊరొదిలి పోయాడు, మళ్ళీ రాలేదు. మూడు రోజులు అన్నం ముట్టలేదు ఈయన. నాలుగో రోజు నుంచి చెవుడు వచ్చింది."

"అంటే అదంతా..."

"అంతా నటనే. రెండో వంతెన పడిపోయిన ఏడు దాకా చీమ నడిచినా వినబడేది. ఆ తర్వాత ఎప్పుడో నిజం చెవుడు వచ్చి పక్కన కూర్చుంది. అప్పటికే అలవాటు కదా, మాకెవరికీ తెలియలేదు. ఈయనకీ తెలియలేదు. సిస్టర్ కాగితం చూపిస్తే ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'సెర్వా, నేను అబద్ధాలకోరుని కానటే' అన్నాడు."

ఆమె మళ్ళీ అరటికాయలు చెక్కుతూ, తెలియకుండానే ఏదో కూనిరాగం అందుకుంది. పెరట్లో తుడుపు ఆగింది.

"సెర్వా, ఇదేమిటి? నువ్వు పాడుతున్నావా?"

"పాడుతున్నాను."

"ఎప్పటి నుంచి?"

"పెళ్ళైనప్పటి నుంచి. మొదట్లో వింటూ పడుకునేవాడివి."

ఆయన చాలాసేపు దండాన్నీ, వంటింటి గుమ్మాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ తరువాత దండాన్ని గోడకు ఆనించి, పీట తెచ్చుకుని, ఆమెకు ఎదురుగా, ఆమె పెదవులు కనబడేచోట కూర్చున్నాడు.

"మళ్ళీ పాడు" అన్నాడు. "ఈసారి నెమ్మదిగా."

నేను ఇంటికి వచ్చేశాను. నా మీసాలు మళ్ళీ మొలుస్తున్నాయి. వాటిని పెరగనివ్వాలో, కత్తిరించాలో ఇంకా నిర్ణయించుకోలేదు. నిర్ణయించేలోపు ఆయన ఎదురుపడితే మళ్ళీ చెప్పించుకుంటాడు.

ఏ మాటకైనా మూడోసారి వచ్చేదాకా ఆగగల ఓపికను ఆ మనిషికి ఇచ్చిన దేవుడు, ఆయన దండానికి వన్నె తరగకుండా, ఆయన యంత్రాల బ్యాటరీలు ఆరిపోకుండా, మామె సెర్వా గొంతు బొంగురుపోకుండా కాపాడుగాక. ఆ ఇంటి పొయ్యి మీద చారు ఎప్పుడూ మరుగుతూ ఉండుగాక; ఆ పెరట్లో కోళ్ళు నిశ్చింతగా మాట్లాడుకొనుగాక; ఏటి వైపు తోటలో పుట్టబోయే బిడ్డ అడుగులు నిండు నూరేళ్ళు తిరుగాడుగాక. ఈ ప్రార్థన పరలోకంలో మొదటిసారి వినబడకపోతే, ఆయన కోసం మూడుసార్లు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమెన్.